ఎప్పుడొస్తది సార్, వాసన?

మా అమ్మాయి శామీర్‌పేట దగ్గరి బిట్స్ క్యాంపస్‌లో చదువుతోంది. వారం విడిచి వారం, శనివారం సాయంత్రం మేడ్చల్ నుంచి వెళ్లి ఇంటికి తీసుకొస్తాను. మొన్న ఏప్రిల్ చివర ఒక శనివారం గేటు ముందు కారు తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి అలాగే ఆగిపోయింది.

"నాన్నా, కారు నిండా పెట్రోల్ వాసన. నీకు తెలియట్లేదా?"

నిజంగానే తెలియలేదు. మేడ్చల్‌లో హైవే పక్క బంకులో ట్యాంకు నింపించుకుని, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, శామీర్‌పేట దగ్గర దిగి అక్కడికి చేరేసరికి అరగంట పైనే పట్టింది. అంతసేపూ అద్దాలు మూసుకుని, ఏసీ వేసుకుని, ఆ గాలిలోనే కూర్చున్నాను. కిందికి దిగి, రోడ్డు పక్కన చెట్టు నీడన రెండు మూడు నిమిషాలు నిలబడి, మళ్లీ తల లోపల పెట్టి చూస్తే గుప్పుమంది.

ముక్కు తీరే అంత. కొత్త వాసనను చప్పున పట్టుకుంటుంది. అదే వాసన ఆగకుండా వస్తుంటే కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పూజగదిలో కూర్చున్నవాళ్లకు అగరుబత్తి వాసన కొంతసేపటికి తెలియదు, వీధిలోంచి గడప దాటి వచ్చినవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి కారులో ఇంధనం వాసన వస్తోందా లేదా అన్నదానికి నడిపేవాళ్ల సాక్ష్యం చాలదు. అప్పుడే ఎక్కినవాళ్లను అడగాలి. వాళ్లు వస్తోందంటే వస్తున్నట్టే.

అలాగని ముక్కును తక్కువ చేయడానికి లేదు. పెట్రోల్ అంటే ఒకే పదార్థం కాదు. నాలుగు మొదలు పన్నెండు దాకా కార్బన్ పరమాణువులున్న వందల రకాల హైడ్రోకార్బన్లు అందులో కలగలిసి ఉంటాయి. బ్యూటేన్, పెంటేన్ లాంటి తేలికవి ముందుగా గాలిలోకి లేస్తాయి. ఆ కాస్త తియ్యటి ఘాటు బెంజీన్, టోలీన్, జైలీన్‌ల వల్ల వస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో పెట్రోల్ ఆవిరి ఒక పాలు కూడా లేకపోయినా మన ముక్కు పసిగడుతుంది. అదే ఆవిరి అంటుకోవాలంటే గాలిలో కనీసం 1.4 శాతం ఉండాలి. అంటే పది లక్షల్లో 14,000 పాళ్లు. 7.6 శాతం దాటితే గాలి చాలక మండదు. వాసన తెలియడానికీ మంట అంటుకోవడానికీ మధ్య ఇన్ని వేల రెట్ల ఎడం ఉండడం మన అదృష్టం. ఆ ఎడంలోనే జాగ్రత్త పడడానికి మనకు వ్యవధి దొరుకుతుంది.

ఆ ఎడం ఎంతో చిన్న లెక్క వేసి చూశాను. చిన్న హ్యాచ్‌బ్యాక్ కారులో లోపలి గాలి సుమారు 2,500 లీటర్లు అనుకుందాం. అద్దాలు మూసి ఉండగా ఒకే ఒక్క మిల్లీలీటరు పెట్రోల్ లోపల ఆవిరైతే పది లక్షల్లో దాదాపు 70 పాళ్లు అవుతుంది. తల దిమ్మెక్కి, కడుపులో తిప్పడానికి కొందరికి అది చాలు. మంట అంటుకునే స్థాయికి రావాలంటే సుమారు 190 మిల్లీలీటర్లు, అంటే దాదాపు రెండు ఇరానీ చాయ్ కప్పుల పెట్రోల్ కావాలి. వినడానికి చాలా దూరం ఉన్నట్టే ఉంటుంది. అయితే పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారంతా సమంగా పరుచుకోదు. సీటు కింద, కాళ్ల దగ్గర, డిక్కీలో స్టెపినీ పెట్టే గుంతలో వాన నీళ్లలా నిలుస్తుంది. అలా నిలిచిన చోట రెండు కప్పులు అక్కర్లేదు. పైగా పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరిని విడుస్తుంది, మేడ్చల్ మే నెల ఎండలో వేరే చెప్పాలా!

ఆరోగ్యం మాట మరొకటి ఉంది. బెంజీన్ క్యాన్సర్ కారకమని ఏనాడో తేలింది. మన బీఎస్-6 పెట్రోల్‌లో దాన్ని 1 శాతానికి మించనివ్వరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2025లో పెట్రోల్‌నే నేరుగా క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో చేర్చింది. బంకులో నిలబడి ఒకసారి పీల్చినంత మాత్రాన ఏదో అయిపోతుందని కాదు. రోజూ రెండు గంటలు మూసిన కారులో, పసిపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని పీల్చడం మాత్రం వేరే సంగతి. డ్యాష్‌బోర్డు మీద సంపెంగో గంధమో వాసనొచ్చే డబ్బా పెట్టుకుని ఈ వాసనను కప్పేసేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. హెచ్చరిస్తున్న నోటికి గుడ్డ కట్టినట్టే కదా అది.

మా నాన్నగారి తరం వాళ్లకు ఇది వింతగా తోస్తుంది. అంబాసిడర్, పద్మిని రోజుల్లో పెట్రోల్ వాసనంటే కారు వాసనే. కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ బయటి గాలికి తెరుచుకుని ఉండేది, ఇంజిన్ ఆపాక ఆ వేడికి ఆవిరై లేచేది. అది ఆ బండ్ల తీరు, లోపం కాదు. ఇప్పటి కార్లలో ట్యాంకు మూత దగ్గర్నుంచి ఇంజెక్టర్ మొన దాకా పెట్రోల్ దారంతా మూసే ఉంటుంది. వాసన వస్తోందంటే ఆ దారిలో ఎక్కడో సందు పడిందని అర్థం.

సోమవారం పొద్దున మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర నాకు తెలిసిన షెడ్డుకు వెళ్లాను. అక్కడి మెకానిక్ అన్న బానెట్ తెరవలేదు, కారు చుట్టూ తిరగలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకటే అడిగాడు.

"ఎప్పుడొస్తది సార్, వాసన?"

ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతాడనుకుని వెళ్లినవాణ్ని. "ఎక్కడ్నుంచో నేను సూస్త. ఎప్పుడొస్తదో మీరు జెప్పాలె. పొద్దుగాల స్టార్ట్ జేసినంక వస్తదా? పెట్రోల్ కొట్టిచ్చినంక వస్తదా? ఏసీ వేస్తె వస్తదా? టర్నింగ్‌ల వస్తదా?" అన్నాడు. ఈ వ్యాసమంతా ఆ నాలుగు ప్రశ్నల చుట్టూ అల్లుకున్నదే. ఒక్కొక్క ప్రశ్న వెనకా ఎంత శాస్త్రం ఉందో ఇంటికొచ్చి ఆలోచిస్తే గానీ నాకు తెలిసిరాలేదు.

పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో పోయే వాసన చాలాసార్లు పొగ గొట్టానిది. చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువ పోస్తుంది. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీల వేడెక్కితే గానీ పనిలోకి దిగదు. గోడకు ఆనించి పార్క్ చేసిన కారైతే ఆ కాలని పెట్రోల్ వాసన వెనక్కి తిరిగి లోపలికి వస్తుంది. దీనికి భయపడక్కర్లేదు. రెండు నిమిషాలు దాటినా పోకపోతే, ఇంజిన్ కుదుపుతోంటే, మైలేజీ పడిపోతే మాత్రం ఏదో ప్లగ్గో ఇంజెక్టరో సరిగా పనిచేయట్లేదు. ఇంజిన్ ఆయిల్ చూసే కడ్డీని బయటికి లాగి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోల్ ఘాటు తెలిస్తే కాలని పెట్రోల్ కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తోందన్నమాట. ఇంజిన్‌కు అది మంచిది కాదు.

ఇదే పొద్దుటి వాసనకు మరో రూపం ఉంది. డిసెంబరులో శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల చలి నగరంలో కంటే ఒక పట్టు ఎక్కువే ఉంటుంది. ఇంజెక్టర్ల మెడకు ఉండే రబ్బరు రింగులు వయసు మీరి బిరుసెక్కి ఉంటే, ఆ చలికి ముడుచుకుని సన్నటి సందు ఇస్తాయి. ఇంజిన్ వేడెక్కగానే ఉబ్బి మళ్లీ మూసుకుంటాయి. తొమ్మిది గంటలకు షెడ్డుకు వెళ్లేసరికి లీకు ఉండదు, మెకానిక్ ఏమీ లేదని పంపించేస్తాడు. ఇలాంటప్పుడు కారును రాత్రి షెడ్డులోనే వదిలి, తెల్లవారి వాళ్లనే మొదటి స్టార్ట్ చేయమనాలి. ఇంజెక్టర్ల దగ్గర పెట్రోల్ దాదాపు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది, కారు టైరులో గాలి కంటే ఎక్కువ. ఆ ఒత్తిడికి వెంట్రుకంత సందు చాలు, చుక్క కిందికి రాలకుండానే తుంపరై ఆవిరైపోతుంది. వేడి ఇంజిన్ మీద ఆరిపోయిన చోట దుమ్మంటిన మరక మిగులుతుంది. మెకానిక్ టార్చి వేసి వెతికేది ఆ మరకనే.

మా వైపు బానెట్ కింద ఇంకో నేరస్తురాలు ఎలుక. కొత్త వెంచర్ల మధ్య ఇంకా వరి కోసిన మళ్లు, ముళ్లపొదలు, ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. కోతలయ్యాక ఎలుకలకు వెచ్చటి ఇంజిన్ ఒక ఇల్లు. పళ్లు అరగదీసుకోవడానికి వైరూ పైపూ తేడా చూడవు. కేరళలో అయితే ఇంకా చిత్రం జరిగింది. కార్లు ఉన్నట్టుండి ఎందుకు అంటుకుంటున్నాయని అక్కడి మోటారు వాహనాల శాఖ ఆరా తీస్తే, రబ్బరు పెట్రోల్ పైపులకు సూదిబెజ్జాలు పెట్టే చిన్న పెంకుపురుగులు కూడా ఒక కారణమని బయటపడింది. ఎండిపోతున్న చెట్టు ఇథనాల్ వాసన విడుస్తుంది. ఆ వాసన పట్టుకునే ఇవి చెట్టును వెతుక్కుని తొలుస్తాయి. ఇప్పుడు మన పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం. పురుగుకు పైపు కూడా చెట్టులాగే తోచింది కాబోలు! అమెరికాలో 2011లో మజ్దా-6 కార్లను అరలక్షకు పైగా వెనక్కి పిలిపించింది ఒక సాలీడు. ట్యాంకు ఆవిరి గొట్టంలో గూడు అల్లేది. గాలి ఆడక ట్యాంకు లోపలికి లాక్కుపోయి, పగుళ్లిచ్చే ప్రమాదం ఉందని తేల్చారు.

ఇక పెట్రోల్ కొట్టించాక వచ్చే వాసన. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, అసలు కథ ఎక్కువగా ఉన్నదీ దీంట్లోనే.

బంకులో పైపు మొన దానంతటదే "టక్" మని ఆగుతుంది. ఆ మొన చివర చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. పెట్రోల్ పారుతున్నంతసేపూ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి లాగబడుతుంటుంది. ట్యాంకులో పెట్రోల్ ఆ ఎత్తుకు వచ్చి బెజ్జాన్ని మూయగానే గాలి అందక, లోపలి పొర ఒకటి ముడుచుకుని మీటను వదిలేస్తుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, ఒట్టి గాలి ఒత్తిడి చేసే పని. నాకు అదెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. అది ఆగాక బంకు కుర్రాడు అడుగుతాడు: "సార్, రౌండ్ ఫిగర్ చేయాల్నా?" మనం తల ఊపుతాం. నేనూ ఊపాను. 2,964 రూపాయలు 3,000 అవుతాయి. లీటరులో మూడో వంతు మీదికి పోతుంది.

అది ఎక్కడికి పోతుంది? మెడలోకి. ట్యాంకు పైభాగంలో కొంత ఖాళీ కావాలనే వదిలి తయారుచేస్తారు. పెట్రోల్ ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట దాదాపు ఒక పాలు ఉబ్బుతుంది. నేలలోని ట్యాంకులోంచి 30 డిగ్రీల చల్లదనంతో వచ్చిన 40 లీటర్లు, ఎండకు నిలబెట్టిన కారులో 45 డిగ్రీలకు చేరితే అరలీటరుకు పైగా పెరుగుతాయి. ఆ అరలీటరుకు చోటు కావాలి కదా. చోటు లేకపోతే, ఆవిరి మాత్రమే వెళ్లాల్సిన గొట్టంలోకి ద్రవమే ఎక్కుతుంది.

ఆ గొట్టం చివర ఉండేది బొగ్గు డబ్బా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే కారు కొన్న పదేళ్లలో దాని పేరు కూడా విననివాళ్లు చాలామంది. కర్ర, కొబ్బరిచిప్ప, బొగ్గు లాంటివి ప్రత్యేకంగా కాల్చి, వాటి నిండా కంటికి కనపడని రంధ్రాలు పడేలా చేస్తే యాక్టివేటెడ్ చార్‌కోల్ వస్తుంది. ఒక్క గ్రాము చార్‌కోల్‌లోని రంధ్రాల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు వస్తాయి. మన లెక్కలో దాదాపు పది గుంటలు! మేడ్చల్‌లో పది గుంటల జాగా ఎంతో తెలిసినవాళ్లకు ఇది ఊహించుకోవడం సులువు. చిటికెడు బొగ్గులో అంత స్థలం. ట్యాంకులోంచి వచ్చే ఆవిరి ఆ గోడలకు అంటుకుని కూర్చుంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజిన్ ఆ ఆవిరిని గాలితో సహా పీల్చుకుని మండించేస్తుంది. బొగ్గు మళ్లీ ఖాళీ. రోజూ ఇదే వరస. ద్రవ పెట్రోల్ వచ్చి పడితే మాత్రం ఆ రంధ్రాలన్నీ ఒక్కసారిగా నిండిపోతాయి. తర్వాత వచ్చే ఆవిరికి చోటు లేక బయటి గాలిలోకీ, మనలోకీ వస్తుంది. పెట్రోల్ కొట్టించిన వెంటనే వాసన రావడమే కాకుండా స్టార్టింగ్ ట్రబుల్ కూడా ఉంటే, పర్జ్ వాల్వ్ మూసుకోకుండా బిగుసుకుపోయిందేమో చూడమనాలి. ఆ రెండూ కలిసి వస్తే అనుమానం ముందు దాని మీదికే పోవాలి.

ఈ డబ్బా కార్లలోకి రావడానికి ఒక అనాసపండు కారణమంటే నమ్మబుద్ధి కాదు. కాలిఫోర్నియాలో ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త 1940ల చివర్లో అనాస రుచికీ వాసనకీ మూలమైన రసాయనాలేమిటో తేల్చే పనిలో ఉన్నాడు. వాసనలను విడదీసే ఆ విద్య తెలిసినవాడు కాబట్టి లాస్ ఏంజెలిస్‌ను కమ్మేస్తున్న కళ్లు మండే పొగమంచు సంగతి తేల్చమని అడిగారు. కాలని పెట్రోల్ ఆవిరి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో ఆయన చూపించాడు. 1970లో కాలిఫోర్నియా, ఆ మరుసటి ఏడు అమెరికా అంతా, ట్యాంకు ఆవిరి గాలిలోకి పోకూడదని కొత్త కార్లకు నియమం పెట్టాయి. మన దేశంలోనూ ఇప్పుడు కారును మూసిన గదిలో పెట్టి పరీక్ష చేస్తారు, మొత్తం పరీక్షలో బయటికొచ్చే ఆవిరి 2 గ్రాములు మించకూడదు. రౌండ్ ఫిగర్ కోసం పోయించిన ఆ కాస్త పెట్రోల్‌లో అలాంటి గ్రాములు వంద దాటి ఉంటాయి.

మెడ దగ్గరి లోపం మనకు కొత్తదేమీ కాదు. 2014 ఏప్రిల్‌లో మారుతి సుజుకి సంస్థ 1,03,311 కార్లను వెనక్కి పిలిచింది. 42,481 డిజైర్లు, 47,237 స్విఫ్ట్‌లు, 13,593 ఎర్టిగాలు. పెట్రోల్ పోసే గొట్టం మెడ భాగం మార్చడానికి. ఆటోమేటిక్‌గా ఆగాక కూడా మీదికి పోయిస్తే ఆ కార్లలో ఇంధనం వాసన రావచ్చనీ, లీకు కూడా కావచ్చనీ కంపెనీయే ఒప్పుకుంది. తప్పు బయటపెట్టి సరిచేయడం మంచి పద్ధతి. మీ కారు నంబరు అలాంటి ఏ జాబితాలోనైనా ఉందేమో కంపెనీ షోరూములో అడిగితే చెబుతారు. ఉంటే ఆ పని ఉచితం.

మూడో ప్రశ్న ఏసీది. దీంట్లో నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది, ఎవరైనా చేసుకోవచ్చు. డ్యాష్‌బోర్డు మీద గాలి మార్చే బటన్ ఉంటుంది, బయటి గాలి తీసుకోవాలా, లోపలి గాలినే తిప్పాలా అని. బయటి గాలి లోపలికొచ్చే దారి వైపర్ల కింద నల్లటి జల్లెడ. అది బానెట్‌ను ఆనుకునే ఉంటుంది. బయటి గాలి పెట్టినప్పుడు వాసన పెరిగితే లీకు ఇంజిన్ దగ్గర, లేదా అసలు కారు బయటే. లోపలి గాలి తిప్పినప్పుడు పెరిగి, బయటి గాలి పెట్టగానే తగ్గితే లీకు లోపలో వెనకో. ఈ ఒక్క బటన్ కారును రెండు ముక్కలు చేసి, వెతకాల్సింది ఏ ముక్కలోనో చెబుతుంది.

కారు బయటే అని ఊరికే అనలేదు. మేడ్చల్ పారిశ్రామికవాడ పక్కగా, తుర్కపల్లి మందుల పరిశ్రమల వైపుగా రాత్రిపూట వెళ్లేవాళ్లకు ద్రావకాల వాసనలు కొత్త కాదు. ముందు పెట్రోల్ ట్యాంకర్ వెళ్తున్నా అంతే. కారును అనుమానించే ముందు వేరే రోడ్డు మీద ఒకసారి నడిపి చూడాలి. డిక్కీ కూడా తెరిచి చూడాలి. శామీర్‌పేట వైపు తోటలున్నవాళ్లు గడ్డి కోసే మిషన్‌కూ జనరేటర్‌కూ క్యాన్‌లో పెట్రోల్ తీసుకెళ్తుంటారు. నెల కిందట డిక్కీ కార్పెట్‌లో ఒలికిన చెంచాడు పెట్రోల్ కింది స్పాంజిలో దాక్కుని ప్రతి మధ్యాహ్నం ఎండకు మేలుకుంటుంది. దానికి కార్పెట్ తీసి నాలుగు రోజులు ఎండలో ఆరేయడమే మందు.

నా జవాబు నాలుగో ప్రశ్న దగ్గర దొరికింది. ఆలోచించి చెప్పాను: ఫుల్ ట్యాంకు ఉన్న మొదటి వంద కిలోమీటర్లలోనే వస్తోంది, అదీ ఔటర్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ గుండ్రటి ర్యాంపు మీద తిరిగాకే. లోపలి గాలి పెడితే ఎక్కువ. సగం ట్యాంకు అయ్యాక వాసన లేదు.

"పంపు ఎప్పుడన్న తీసిన్రా సార్?"

తీశారు. పక్షం రోజుల ముందు, స్టార్టింగ్ ఇబ్బందని వేరే ఒక షెడ్డులో పెట్రోల్ పంపు తీసి శుభ్రం చేయించాను. మెకానిక్ అన్న నవ్వి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి, వెనక సీటు మెత్తను రెండు చేతులా పైకి లాగాడు.

సీటు కింద రేకుకు అరచేయంత గుండ్రటి మూత. మూడు స్క్రూలు తీసి మూత ఎత్తగానే ముఖం తిప్పుకోవాల్సి వచ్చింది. లోపల ట్యాంకు పైకప్పు, దాని మీద పంపును పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం. చుట్టూ పట్టిన ఎర్రమట్టి దుమ్ము ఒకవైపు మాత్రం తడిసి, కడిగినట్టు నల్లగా ఉంది. టిష్యూ కాగితం ముక్క ఒకటి అక్కడ అద్ది నాకు చూపించాడు. చూస్తుండగానే ఆ తడి చేతిలో ఆరిపోయింది, వాసన మాత్రం నిలిచింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పెట్రోల్ ఆ చట్రం దాకా వస్తుంది. ర్యాంపు తిరుగుతుంటే ఒక పక్కకు ఎగిసి సందులోంచి పైకి కక్కుతుంది. ట్యాంకు సగానికి తగ్గితే అంత ఎత్తుకు అందదు. నేను చెప్పిన మూడు గుర్తులూ ఆ ఒక్క తడి మరకలో కలిశాయి.

చట్రం విప్పితే కింద రబ్బరు రింగు. గాజు కంటే లావుగా ఉబ్బి, ఒకచోట మెలిపడి నలిగి ఉంది. పంపు తీసిన ప్రతిసారీ ఆ రింగు కొత్తది వేయాలి. ఎందుకో అక్కడే చూపించాడు. రబ్బరు ఏళ్ల తరబడి పెట్రోల్‌లో నాని ఉబ్బుతుంది, బయటికి తీయగానే తన గాడిలో మళ్లీ పట్టదు. బలవంతంగా నొక్కి బిగిస్తే ఎక్కడో ఒకచోట ముడతపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత రకం రబ్బరు మరింత లొంగుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత అమ్మిన కార్ల రబ్బరు భాగాలు ఈ-20 పెట్రోల్‌కు తట్టుకునేలా చేసినవే. అంతకుముందువాటిలో కొన్నింటికి రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20,000 నుంచి 30,000 కిలోమీటర్లకు మార్చాల్సి రావచ్చని 2025లో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. ఆ మార్పిడికి పెద్ద ఖర్చు కాదు, సాధారణ సర్వీసులోనే అయిపోతుంది. నా కారు 2017ది. ఈ రింగుతో తంటా పడింది నేనొక్కణ్నే కాదు. 2010 ఫిబ్రవరిలో మారుతి ఏ-స్టార్ కార్లు లక్ష వెనక్కి పిలిచింది కూడా సరిగ్గా ఈ చోటి రింగు మార్చడానికే.

కొత్త రింగు గాడిలో తనంతట తాను కూర్చుంది. పైన ఏ గమ్మూ పూయలేదు. "సీలెంట్ బెడ్తె పెట్రోల్‌ల కరిగి పంపులకు వోతది సార్" అన్నాడు. పెట్రోల్ దారిలో ఎక్కడైనా ఎం-సీల్ ముద్ద పెట్టడం, టేపు చుట్టడం, ఇంజిన్ దగ్గర పగిలిన పైపు స్థానంలో మామూలు రబ్బరు పైపు వేసి తీగతో బిగించడం, ఇవన్నీ మన రోడ్ల పక్కన రోజూ జరిగేవే. అలా చేస్తానన్న చోట కారు వదలకండి. ఇంధనానికని తయారైన పైపే వేయాలి, దానికి సరిపడే క్లిప్పే బిగించాలి. లీకు ఎక్కడో కంటికి దొరకనప్పుడు పెద్ద షెడ్లలో స్మోక్ టెస్ట్ చేస్తారు. ఆవిరి గొట్టాల్లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే అది సందు దగ్గర సన్నటి తీగలా పైకి లేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కదా అని ఊరుకోకూడదు. నాకు ఒక్కసారి కూడా వెలగలేదు.

డీజిల్ కార్ల సంగతి తేలిక. డీజిల్ అంత తొందరగా ఆవిరి కాదు, కానీ ఒలికిన చోట వారాల తరబడి జిడ్డుగా వాసన పడుతుంది. ముందుగా చూడాల్సింది ఇంజెక్టర్ల మీది సన్నటి రిటర్న్ పైపులు. సీఎన్‌జీ కార్లు మా వైపు పెరుగుతున్నాయి. శామీర్‌పేటలోనే భాగ్యనగర్ గ్యాస్ వారి మదర్ స్టేషన్ ఉంది. ఆ గ్యాసుకు సొంత వాసన లేదు, లీకు తెలియడానికే కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన కలుపుతారు. అది గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుంది, అద్దాలు దించితే చాలావరకు వెళ్లిపోతుంది. ఎల్‌పీజీ అలా కాదు, పెట్రోల్ ఆవిరిలా కిందనే పరుచుకుంటుంది. ఈ రెండింటి లీకూ అనుమతి ఉన్న కిట్ సెంటర్ల పని.

నడుస్తున్న కారులో వాసన ఒక్కసారిగా ఘాటెక్కితే వెతుకులాట అక్కర్లేదు. అద్దాలు దించి, ఎడమ అంచుకు తీసి, ఇంజిన్ ఆపి, అందరినీ దింపి రెయిలింగు అవతలికి దూరంగా పంపండి. మళ్లీ సెల్ఫ్ కొట్టి చూడొద్దు. స్టార్టర్ మోటారు నిప్పురవ్వ ఆ ఆవిరికి చాలు. కారు కింద తడి కనపడితే నీళ్లు పోయకండి, పెట్రోల్ నీటి మీద తేలి ఇంకా దూరం పాకుతుంది. 112కు ఫోన్ చేసి, లాగే బండి కోసం ఆగండి. షెడ్డులో రిపేరు చేసేచోట తీగకు వేలాడే హోల్డర్ బల్బు కనపడితే తీయించండి. వేడి బల్బు మీద ఒక చుక్క పడితే పగులుతుంది.

ఆ తర్వాత అమ్మాయి కోసం వెళ్లాల్సిన శనివారం కావాలనే ట్యాంకు నింపించాను. పైపు "టక్" మన్నాక కుర్రాడు అడిగాడు, వద్దన్నాను. ర్యాంపులు రెండూ తిరిగి, లోపలి గాలే పెట్టుకుని వెళ్లి క్యాంపస్ గేటు ముందు ఆపాను. మా అమ్మాయి తలుపు తీసి, తల లోపల పెట్టి, కళ్లు మూసుకుని గట్టిగా రెండుసార్లు పీల్చింది. సీటు మీద బ్యాగు పడేసి, "ఆకలేస్తోంది నాన్నా, తూంకుంటలో దోసె తిందాం" అంది.

పాత రింగును కాగితంలో చుట్టి తెచ్చుకుని, బాల్కనీలో ఎవరికీ తగలని మూల పెట్టాను. మొదటిరోజు కొత్తదాని పక్కన పెడితే చుట్టుకొలతలో ఒక వేలు ఎక్కువ ఉంది. వారానికి లోపలి పెట్రోలంతా ఆవిరై, తగ్గి, సరిగ్గా కొత్తదానంతే అయింది. చూస్తే మళ్లీ వేసుకోవచ్చు అన్నంత బాగుంది. రెండు వేళ్లతో పట్టుకుని కాస్త వంచాను. వంపు పొడవునా సన్నటి పగుళ్లు నోళ్లు తెరిచాయి.